ప్రభ మోయవద్దన్నారు: మీకు పెద్దవయసు ఎప్పుడు తెలిసింది?

కౌశిక గట్టు
22 డిసెంబర్ 2024, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నిన్న సాయంత్రం మా రామాలయం అరుగు మీద ప్రభ పని మాట్లాడుకోవడానికి కూర్చున్నాం. కోనసీమ వారికి చెప్పనక్కరలేదు, మిగతావారి కోసం చెబుతున్నాను. ప్రభ అంటే వెదుళ్లతో ఎత్తుగా కట్టి, రంగుబట్టలతో అలంకరించి, ఊరి శివుణ్ణి నిలిపి మోసుకువెళ్లేది. కనుమ నాడు పదకొండు ఊళ్ల ప్రభలు జగ్గన్నతోటకు చేరతాయి. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, ఉన్నది కొబ్బరితోట. ఏకాదశ రుద్రులు ఏడాదికి ఒక్క రోజు ఆ తోటలో కలుసుకుంటారు. మా ఊరి ప్రభ అక్కడికి వెళ్లాలంటే కౌశిక ఏరు దాటాలి. నీళ్లలో దిగి, భుజాల మీద మోసుకుంటూ.

నేను మొదటిసారి భుజం పెట్టింది 1991 పుష్కరాలు వెళ్లిన మరుసటి సంక్రాంతికి. అప్పుడు నాకు ఇరవై. మధ్యలో రెండేళ్లు తప్ప ఎప్పుడూ మానలేదు. నిన్న వెదుళ్లు ఎన్ని కావాలో లెక్క చూస్తుంటే, వరసకు మేనల్లుడయ్యే కుర్రవాడు ఒకడు, "మావయ్యా, ఈసారి మీరు ముందు నడవండి, నిండుగా ఉంటుంది" అన్నాడు. మిగతావారంతా తలలు దించుకుని వెదుళ్ల లెక్కలో మునిగిపోయారు. అంటే అంతా ముందే అనుకుని వచ్చారన్నమాట.

నాకు 53. షుగరు లేదు, బీపీ లేదు. మొన్న దాళ్వా నారుమడికి నేనే చాళ్లు తీశాను. అయినా రాత్రంతా నిద్ర పట్టలేదు. మీకు మొదటిసారి ఎలా తెలిసింది? అద్దం చెప్పిందా, ఆసుపత్రిలో చెప్పారా, లేక ఇలా ఎవరో మర్యాదగా చెప్పారా?

బడిపలక
22 డిసెంబర్ 2024, రాత్రి 10:15

నాకు ప్రభుత్వ ఉత్తర్వు చెప్పింది. అన్నిటికంటే నమ్మకమైన అద్దం అదే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రిటైర్మెంటు 58కి ఉండేది. 1983లో ఒక్కసారిగా 55 చేశారు. మా హెడ్మాస్టరుగారికి అప్పుడు 56. పొద్దున బడికి వచ్చినప్పుడు హెడ్మాస్టరు, సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు వృద్ధుడు. ఆ గొడవలన్నీ అయ్యాక మళ్లీ 58 చేశారు. నేను 2011లో 58కి దిగాను. దిగిన మూడేళ్లకు, 2014లో, 60 చేశారు. 2022లో 62 చేశారు. మా పక్కింటాయన నాకంటే చిన్నవాడు, నాకంటే ముందే మోకాళ్లు అరిగినవాడు, 62 దాకా పాఠం చెప్పాడు. ఇద్దరిలో ముందు ముసలివాడైంది ఎవరు?

ఇప్పుడు నాకు 71. పాఠం చెప్పమంటే ఇప్పుడూ చెబుతాను. వినేవారు లేరు, అది వేరే విషయం.

దింపు మనిషి
23 డిసెంబర్ 2024, ఉదయం 5:50

నేను కొబ్బరి దింపు పని చేస్తాను. వయసు 47. మీరందరూ రాసింది చదివాను. మాలో ముసలితనం గురించి పెద్దగా మాట్లాడుకోరు, ఎందుకంటే ఆ మాట రైతు చెవిన పడితే మరుసటి దింపుకు పిలవడు.

మాకు అది చెట్టు ఎక్కేటప్పుడు తెలియదు. దిగేటప్పుడు తెలుస్తుంది. ఒకప్పుడు రోజుకు నలభై చెట్లు ఎక్కినా కాళ్లకు బందం ఉన్నట్టే అనిపించేది కాదు. ఇప్పుడు పాతిక దాటాక, దిగుతుంటే తొడల్లో వణుకు పుడుతుంది. కిందికి వచ్చాక చెట్టును పట్టుకుని ఒక్క నిమిషం నిలబడాలి. ఆ నిమిషం రైతు చూస్తాడు. నేను బీడీ వెలిగించుకుంటున్నట్టు నటిస్తాను. నిజానికి నేను బీడీ మానేసి నాలుగేళ్లు అయింది, ఆ నిమిషం కోసమే కట్ట జేబులో పెట్టుకుంటున్నాను.

ఇంకొకటి. కల్లుగీత వారికి, చేనేత వారికి, వేటకు వెళ్లే మత్స్యకారులకు 50 నిండితే పింఛను ఇస్తారు. న్యాయమే. ఆ పనుల్లో మనిషి ముందే అరిగిపోతాడు. కొబ్బరిచెట్టు ఎక్కేవాడు మాత్రం 60 దాకా ఆగాలి. తాడిచెట్టు ఎక్కితే ముసలివాడు, కొబ్బరిచెట్టు ఎక్కితే కుర్రవాడు.

మందుల చీటీ
23 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 2:10

దింపు మనిషిగారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, దానికి కారణం కూడా ఉంది. నేను ఫిజియోథెరపీ చేస్తాను, రోజుకు పదిమంది మోకాళ్లు చూస్తాను. ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువంతా ఆపాలి. బండికి ఇంజను ఒకటి, బ్రేకు ఒకటి. మెట్లు ఎక్కగలను కానీ దిగలేను అని వచ్చేవారే నా దగ్గర ఎక్కువ.

కండరం తగ్గడం ముప్ఫైల్లోనే మొదలవుతుంది, పదేళ్లకు నూటికి మూడు నుంచి ఎనిమిది పాళ్ల చొప్పున. అరవై దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. కాబట్టి అద్దంలో చూసుకోకండి. ఒక పని చేయండి. చేతుల్లేని కుర్చీలో కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని, ఆపకుండా ఐదుసార్లు లేచి కూర్చోండి. 15 సెకన్లు దాటిందంటే తొడల్లో బలం తగ్గినట్టు. ఫలితం ఇక్కడ రాయండి, అబద్ధాలు వద్దు.

క్రోధి నామం
23 డిసెంబర్ 2024, సాయంత్రం 6:30

మూడోసారికి కుర్చీ వెనక్కి జారింది. గోడకు ఆనించుకోవాలని ముందే చెప్పవద్దా అమ్మా? దెబ్బేమీ తగలలేదు, పరువు మాత్రం పోయింది, మనవరాలు వీడియో తీసింది.

నా పేరు చూసి కోపిష్టినని అనుకోవద్దు. నేను పుట్టింది 1964 క్రోధి నామ సంవత్సరంలో. ఇప్పుడు నడుస్తున్నదీ క్రోధే. అరవై పేర్లూ ఒక చుట్టు తిరిగి మళ్లీ నా గుమ్మం ముందు ఆగాయి. పిల్లలు షష్టిపూర్తికి పాలకొల్లులో కల్యాణ మండపం మాట్లాడేశారు. మళ్లీ తాళి కట్టాలట. మా ఆవిడ, "మొదటిసారి వేసిన ముళ్లు గట్టిగానే ఉన్నాయి, ఇప్పుడు మళ్లీ ఎందుకు" అంటోంది.

పోయిన ఏడు 59 నిండగానే ఉగ్రరథ శాంతి చేయించారు. డెబ్బైకి భీమరథ శాంతి ఉంటుందట. పేర్లు వింటే యుద్ధానికి పంపుతున్నట్టు ఉంది. ఒక్క రైల్వేవారు మాత్రం నన్ను ముసలివాడిగా ఒప్పుకోలేదు. 60 దాటిన మగవారికి టికెట్టులో నూటికి 40 తగ్గింపు ఉండేది, 2020 మార్చిలో ఎత్తేశారు. నర్సాపురంలో బండెక్కిన ప్రతిసారీ పూర్తి డబ్బు కట్టి, కుర్రవాడిలా పైబెర్తు ఎక్కుతున్నాను.

బడిపలక
23 డిసెంబర్ 2024, సాయంత్రం 7:05

19 సెకన్లు. మా కుర్చీ బాగా పల్లంగా ఉంటుంది.

మందుల చీటీ
23 డిసెంబర్ 2024, సాయంత్రం 7:20

నెపం కుర్చీ మీద వేయకండి మాస్టారూ. రోజుకు రెండుపూటలా పదేసి సార్లు లేచి కూర్చోండి. నెల తర్వాత మళ్లీ చూద్దాం.

దింపు మనిషి
23 డిసెంబర్ 2024, రాత్రి 8:00

7 సెకన్లు.

పూతరేకు మామ్మ
24 డిసెంబర్ 2024, ఉదయం 11:25

మగవారంతా కుర్చీల దగ్గర ఆగిపోయారు. కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగి, లేచి పొయ్యి చూసి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచి, ఇలా రోజుకు ఎన్నిసార్లు చేస్తామో లెక్క పెట్టుకోండి. నాకు 61. నేల మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేస్తాను. ఆ పరీక్ష పెట్టండి, ఎవరు నిలుస్తారో చూద్దాం.

నాకు పెద్దవయసు 41కే వచ్చింది. మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లకే పెళ్లి చేశాం, ఇరవై ఒకటికి బిడ్డ. పురుడు పోసిన ఆవిడ బిడ్డను నా చేతిలో పెట్టి, "అమ్మమ్మగారూ, పట్టుకోండి" అంది. అదే మొదలు. ఆ పండక్కి చిలకాకుపచ్చ చీర కొనుక్కుంటే మా ఆడపడుచు, "ఆ రంగు ఇంక మనకెందుకు వదినా" అంది. మన ఒంటి మీద ముడత రాకముందే మన చీరల మీద వస్తుంది.

అయితే ఒక మాట చెప్పాలి. అందరూ పెద్దవయసును తిట్టిపోస్తున్నారు. నాకది మేలే చేసింది. పెళ్లైన కొత్తలో వీధి చివర రేవుకు వెళ్లాలన్నా, ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడు వస్తావు అని ముగ్గురికి చెప్పాలి. ఇప్పుడు సాయంత్రం ఏటిగట్టు మీద కిలోమీటరు నడిచి వెళ్లి, పడవలు చూసి, చీకటి పడ్డాక వస్తాను. ఎక్కడికని ఎవరూ అడగరు. బస్సులో మగవారి పక్క సీటులో కూర్చుంటాను. అరుగు మీద పంచాయతీ రాజకీయాలు నా ముందే మాట్లాడతారు, నేనొక స్తంభం అన్నట్టు. ఊరి గుట్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల వయసు తిరిగి ఇస్తానన్నా తీసుకోను. మోకాళ్లు ఇస్తే తీసుకుంటాను.

మందుల చీటీ
24 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 1:40

మామ్మగారూ, నేల మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేవడం కుర్చీ కంటే పెద్ద పరీక్ష. మీరు గెలిచారు. కత్తిపీట మానేసి చాకులోకి మారిన మా తరం వాళ్లను నేను ఆసుపత్రిలో రోజూ చూస్తున్నాను.

సముద్రం అవతల
25 డిసెంబర్ 2024, ఉదయం 8:15

అమెరికా నుంచి రాస్తున్నాను, వయసు 49, సొంతూరు ముమ్మిడివరం దగ్గర. ఈ ఏడాదే ఒక జర్మనీ పరిశోధన చదివాను, ఈ చర్చకు సరిగ్గా సరిపోతుంది. 1911 నుంచి 1974 మధ్య పుట్టిన 14 వేల మందిని పాతికేళ్ల పాటు మళ్లీ మళ్లీ అడిగారు, ముసలితనం ఏ వయసులో మొదలవుతుందని. 64 ఏళ్ల వయసులో అడిగితే సగటున 74.7 అన్నారు. 74 వచ్చాక అడిగితే 76.8 అన్నారు. ఆడవారు మగవారికంటే రెండేళ్లకు పైగా వెనక్కి జరిపారు. వెనకటి తరాలకంటే తర్వాతి తరాలవారు ఇంకా ఆలస్యంగా మొదలవుతుందన్నారు.

నా సంగతి చెప్పాలంటే, నాకు తెలిసింది యానాం వంతెన మీద. మొన్న వేసవిలో మా అబ్బాయిని తీసుకుని ఎదుర్లంక వైపు నుంచి వస్తూ, "ఇక్కడ పంటు ఉండేది, కార్లూ లారీలూ దాని మీద ఎక్కించి గౌతమి దాటేవాళ్లం" అని చెప్పాను. వాడు ఫోను లోంచి తల ఎత్తి, "ఎందుకు, వంతెన ఉంది కదా" అన్నాడు. బాలయోగి వంతెన వచ్చింది 2002లో. వాడు పుట్టింది 2010లో. పంటు కోసం రేవులో రెండేసి గంటలు కాచుకుని, మరమరాలు తింటూ కూర్చున్న లోకం ఒకటి ఉండేదని వాడికి ఎలా చెప్పాలో తెలియలేదు. వాడికి అది కథ కూడా కాదు, అనవసరమైన వివరం.

బడిపలక
25 డిసెంబర్ 2024, ఉదయం 9:00

64లో అడిగితే 75, 74లో అడిగితే 77. మా ఊళ్లో అప్పు తీసుకున్నవారు వాయిదాలు కోరేది సరిగ్గా ఇలాగే.

కానీ మన భాషకు అంత మొహమాటం లేదు. దగ్గరి అక్షరాలు కనిపించకపోవడాన్ని చత్వారం అంటాం. చత్వారింశత్ అంటే నలభై. నలభై రాగానే కంటిలో కటకం బిరుసెక్కి దగ్గరి చూపు మందగిస్తుంది. మన పెద్దలకు కటకం సంగతి తెలియకపోవచ్చు, వయసు మాత్రం సరిగ్గా పసిగట్టి జబ్బుకు అంకెనే పేరుగా పెట్టేశారు.

ముదురు తోట
26 డిసెంబర్ 2024, రాత్రి 9:10

నేను మనుషుల సంగతి మాట్లాడను, చెట్ల సంగతి చెబుతాను. నా తోటలో మా నాన్నగారు వేసిన పొడవు రకం చెట్లు ఉన్నాయి. కొబ్బరిచెట్టు వయసు దాచుకోలేదు. బాగా పెరిగే చెట్టు ఏడాదికి సుమారు పన్నెండు ఆకులు వేస్తుంది, ఆకు రాలిన చోట మానుకు ఒక గాటు మిగులుతుంది. గాట్లు లెక్కపెట్టి పన్నెండుతో భాగిస్తే వయసు వచ్చేస్తుంది, కాస్త అటూ ఇటూగా.

1996 నవంబర్ 6 తుపాను చూసినవారు ఇక్కడ చాలామంది ఉంటారు. ఆ రాత్రి మా తోటలో సగం చెట్లు పోయాయి. మిగిలినవాటిలో కొన్ని ఒరిగిపోయి, నేలకు ఏటవాలుగా ఉండిపోయి, మొవ్వు మాత్రం మళ్లీ ఆకాశం వైపు తిప్పుకున్నాయి. ఇప్పటికీ ఆ చెట్లకు నడుము దగ్గర వంపు ఉంది. వంపు నుంచి పైకి గాట్లు లెక్కపెట్టాను ఒకసారి, పనిలేక. మూడు వందలు దాటాయి.

కాపు తగ్గింది. కొట్టేసి అంబాజీపేట పరిశోధన స్థానం వారి గోదావరి గంగ అనే సంకర రకం వేయమంటున్నారు, త్వరగా కాపుకు వస్తుందని. మాట నిజమే. గొడ్డలి కొనలేదు. ఇందులో ముసలితనం చెట్లదో నాదో మీరే చెప్పండి.

క్రోధి నామం
26 డిసెంబర్ 2024, రాత్రి 9:45

మీరు మనుషుల సంగతి మాట్లాడనని మొదలుపెట్టారు, చివరికి అక్కడికే వచ్చారు.

ఇంతకీ ఈసారి పులస ఎవరైనా తిన్నారా? మాకు దొరకనే లేదు.

నిర్వాహకుడు
26 డిసెంబర్ 2024, రాత్రి 10:00

పులస చర్చ వేరే శీర్షికలో ఉంది. డిసెంబరులో పులస అడుగుతున్నారంటే నిజంగానే వయసు మీద పడినట్టు లెక్క.

రేవు మెట్టు
27 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 12:30

అందరికీ పుట్టిన తేదీలు ఉన్నాయి కాబట్టి మాట్లాడుతున్నారు. మా అమ్మకు లేదు. మా ఇంట్లో వయసు లెక్క పుష్కరాలతోనే. 1967 పుష్కరాలకు మా తాతయ్య అమ్మను కొవ్వూరు రేవులో ముంచితే, మునిగినప్పుడు కాలి వెండి కడియం ఒకటి పోయింది. అప్పుడు అమ్మకు ఐదేళ్లు. అంటే ఇప్పుడు 62. ఆధార్ తీసినప్పుడు అక్కడి అబ్బాయి ముఖం చూసి 1968 జనవరి 1 అని కొట్టేశాడు. జనవరి 1న పుట్టినవారు మా వీధిలోనే పధ్నాలుగు మంది ఉన్నారు.

కాగితం లెక్కలో అమ్మకు ఇంకా 56. నెలకు 4000 రూపాయల పింఛను మరో మూడేళ్ల దాకా రాదు. బడిలో చదివి ఉంటే సర్టిఫికెట్ తెమ్మంటారు. చదవలేదు. పుష్కరాల సంగతి చెబితే నవ్వారు. గోదావరి సాక్ష్యం చెల్లదట.

అమ్మ మాత్రం, "నా వయసు ఎంతంటే ఏమిటి, మొన్న మిరపకాయలు కోసింది నా చేతులు కాదా" అంటుంది. ఆవిడకు ముసలితనం రాలేదు, రానివ్వడానికి కాగితం లేదు.

బడిపలక
27 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 1:15

ఆసుపత్రి కాగితం కానీ, పెళ్లినాటి ఓటర్ల జాబితా కానీ ఏదైనా దొరుకుతుందేమో వెతకండి. పాత జాబితాల్లో వయసు రాసేవారు. మీరు ఏ మండలమో వ్యక్తిగతంగా రాయండి, అర్జీ నేను రాసిపెడతాను. ఈ వయసులో నాకు బాగా వచ్చే పని అదే.

సార్వా నారు
28 డిసెంబర్ 2024, రాత్రి 11:20

నాకు 26. చదువుతూ ఊరుకుందామనుకున్నాను, కానీ ఒక మాట అనాలి. పెద్దలు ఏమీ అనుకోకండి.

మా ఇళ్లల్లో వయసు అనేది పెద్దవారు తమకు కావలసినప్పుడు తీసి, అక్కరలేనప్పుడు దాచే వస్తువు. పని దగ్గరకు వచ్చేసరికి "పెద్దవాళ్లం, మావల్ల ఏమవుతుంది" అంటారు. పెత్తనం దగ్గరకు వచ్చేసరికి "మేమేమైనా ముసలివాళ్లమా" అంటారు. బీరువా తాళం డెబ్బై ఏళ్ల మా తాతయ్య మొలతాడుకు ఉంటుంది, ఎరువు బస్తా నా వీపు మీద ఉంటుంది. ఏ పంట వేయాలో ఆయన చెబుతారు, నష్టం వస్తే "కాలం మారింది" అంటారు. చిన్నవాళ్లం అన్న మాట మాకు కూడా గుచ్చుకుంటుందని ఎవరైనా అనుకున్నారా?

ఇక అసలు విషయం. కౌశిక గట్టు మావయ్యా, నేను మీ ఊరివాడినే. మీరు పేరు రాయకపోయినా 1991 లెక్క చూసి గుర్తుపట్టాను. మిమ్మల్ని వద్దన్నది వయసు చూసి కాదు. పోయిన కనుమకు, నీళ్లలోంచి అవతలి గట్టు ఎక్కుతున్నప్పుడు ఎడమవైపు ఒక్కసారి కిందికి దిగింది. మీ భుజం ఉన్న చోట. ప్రభ ఒరిగింది, వెనకవాళ్లం బలవంతంగా ఆపాం. నా మెడ పది రోజులు తిరగలేదు. మీకు చెబితే బాధపడతారని ఎవరూ చెప్పలేదు. నిండుగా ఉంటుంది, ముందు నడవండి అన్నది అందుకే. చెప్పకపోవడం తప్పే. ఇప్పుడు చెబుతున్నాను.

క్రోధి నామం
29 డిసెంబర్ 2024, ఉదయం 6:10

ఈ మాట నలుగురిలో చెప్పాలా బాబూ? ఇంటికి వెళ్లి చెప్పవలసింది.

పూతరేకు మామ్మ
29 డిసెంబర్ 2024, ఉదయం 7:30

చెప్పనివ్వండి. వెనకనుంచి గుసగుసలాడడం కంటే ఇది నయం. తాళాల సంగతి కూడా నిజమే చెప్పాడు. మా అత్తగారు తొంభై ఏళ్లకు పోయే రోజు పొద్దున కూడా పప్పుల డబ్బా తనే తీసి ఇచ్చారు. అప్పటికి నేను ఆవిడ కోడలిగా నలభై ఏళ్లు, ముగ్గురికి అమ్మమ్మను. పప్పు దగ్గర మాత్రం చిన్నపిల్లనే.

ముదురు తోట
29 డిసెంబర్ 2024, రాత్రి 8:00

నాకు తాళం ఇవ్వవలసిన కొడుకు ఉన్నాడు. హైదరాబాదులో ఉంటాడు. వద్దంటాడు. ఇది కూడా ఒక రకం.

నిర్వాహకుడు
2 జనవరి 2025, ఉదయం 10:00

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు. కౌశిక గట్టుగారు నాలుగు రోజులుగా కనిపించడం లేదు. బాగున్నారని తెలిస్తే చాలు.

కౌశిక గట్టు
3 జనవరి 2025, రాత్రి 10:50

బాగానే ఉన్నాను. కోపం వచ్చిన మాట నిజం. రెండు రోజులు వాడి ఇంటి ముందు నుంచి కాక చుట్టు తిరిగి చేనుకు వెళ్లాను.

నాకు తెలియలేదు. నిజంగా తెలియలేదు. ఆ గట్టు ఎక్కేటప్పుడు "అశ్శరభ శరభ" అని అరుస్తాం, ఒళ్లు మరిచిపోతాం. నా భుజం దిగిందని నా భుజానికి తెలియలేదు. ముప్ఫై ఏళ్ల కిందట మా పెదనాన్నను ఇలాగే ముందు నడవమన్నాం. ఆయన ఏమీ అనకుండా కండువా సవరించుకుని ముందుకు వెళ్లారు. ఆయనకు ఎవరైనా కారణం చెప్పారో లేదో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నేనైతే చెప్పలేదు.

ఇవాళ కుర్చీ గోడకు ఆనించి పరీక్ష చేశాను. 16 సెకన్లు. ఎవరూ చూడకుండా మళ్లీ చేశాను. 17.

మందుల చీటీ
4 జనవరి 2025, ఉదయం 7:15

రెండోసారి అలిసిపోయి ఉంటారు, మొదటి లెక్కే తీసుకోండి. 53కి 16 అంటే బాగుచేసుకోవచ్చు. కండరం ఏ వయసులోనైనా పెరుగుతుంది, తొంభైలో కూడా. కానీ పదకొండు రోజుల్లో కనుమకు పెరగదు.

సార్వా నారు
4 జనవరి 2025, ఉదయం 7:40

మావయ్యా, సాయంత్రం ఇంటికి వస్తాను. ఎదురుగా కూర్చుని తిట్టండి.

కౌశిక గట్టు
16 జనవరి 2025, మధ్యాహ్నం 3:30

నిన్న కనుమ అయింది. చెప్పవలసిన బాకీ ఉంది కదా, రాస్తున్నాను.

ముందు నడవడం నావల్ల కాదన్నాను. అలా ఊరికే చేతులు ఊపుకుంటూ నడిస్తే పెళ్లికొడుకు తండ్రిలా ఉంటుంది. సరే, అయితే ఫోన్లు పట్టుకోండి అన్నారు. నీళ్లలో దిగేవారంతా ఫోన్లు తీసి నా చేతిలో పెట్టారు. బట్టల కొట్టువాళ్లు ఇచ్చిన గుడ్డసంచీలో వేసుకుని, మెడకు తగిలించుకుని గట్టున నిలబడ్డాను. ముప్ఫై ఒక్క ఫోన్లు. ప్రభ బరువు కాదు కానీ, మెడకు తాడు కోసుకుంటుంది.

ప్రభ నీళ్లలో దిగగానే సంచీ మోగడం మొదలైంది. ఒకటి తీసి చూస్తే "అమ్మ" అని ఉంది. ఎత్తకపోతే కంగారు పడుతుందని ఎత్తాను. హైదరాబాదు నుంచి. "మా వాడు దిగాడా, నీళ్లెంత లోతున్నాయి" అని అడిగింది. నడుము దాకా ఉన్నాయమ్మా, గట్టిగా ఉన్నాడు అని చెప్పాను. ఏ వైపున ఉన్నాడంటే చెప్పాను, ఎడమవైపు మూడోవాడని. అది నా చోటు. అది పెట్టేలోపు ఇంకొకటి. తర్వాత ఇంకొకటి. పదిహేను మంది తల్లులకు ఏటి మధ్యలో ఎవరు ఎక్కడున్నారో వరసగా చెబుతూ నిలబడ్డాను. ఒక ఫోను ఎత్తితే మా చెల్లెలే. "అన్నయ్యా, వాడి ఫోను నువ్వు ఎత్తావేమిటి, నువ్వు మోయడం లేదా?" అంది. ఫోన్లు మోస్తున్నానన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, "భోజనం చేశావా" అంది.

గట్టు ఎక్కేటప్పుడు ఎడమవైపు ఈసారి కూడా ఒక్క జానెడు దిగింది. ఆ చోట ఉన్నది ఇరవై నాలుగేళ్లవాడు. నేనేమీ అనలేదు. అప్పుడు నా చెవి దగ్గర వాళ్లమ్మే ఉంది.

సార్వా నారు
16 జనవరి 2025, సాయంత్రం 5:05

చూశాను మావయ్యా. దిగివచ్చాక వెళ్లి ఆ చోటు చూశాను. అక్కడ మట్టి అడుగున ఖాళీగా ఉంది, కాలు పెడితే కూరుకుపోతోంది. పోయిన ఏడు కూడా అదే అయి ఉండవచ్చు. లేదా రెండూ అయి ఉండవచ్చు. వచ్చే కనుమకు పది రోజుల ముందే వెళ్లి రాళ్లు వేసి చదును చేయాలి.

కౌశిక గట్టు
16 జనవరి 2025, సాయంత్రం 5:20

పార నేను తెస్తాను. రాళ్లు నువ్వు మోయి.

మందుల చీటీ
16 జనవరి 2025, సాయంత్రం 6:00

రోజుకు పదేసి సార్లు లేచి కూర్చోవడం మరిచిపోకండి. మాస్టారూ, మీరు కూడా. నెల కావస్తోంది.

బడిపలక
16 జనవరి 2025, సాయంత్రం 6:30

16 సెకన్లు. కుర్చీ అదే.

కౌశిక గట్టు
16 జనవరి 2025, రాత్రి 8:45

ఒక మాట మరిచిపోయాను. మా ఊరివారు ఎవరైనా ఇది చదువుతుంటే వినండి. నల్ల ఫోను ఒకటి నా సంచీలోనే మిగిలిపోయింది, పైన అద్దం పగిలి ఉంది. ఎవరిదో వచ్చి తీసుకువెళ్లండి. పొద్దుటి నుంచి "అమ్మ" అని మోగుతూనే ఉంది.